జీతాలు బకాయి పెట్టే క్లబ్బులకు లైసెన్సు వద్దు

సంపాదకులకు: ఆటగాళ్లకు జీతాలు సరిగా అందకపోవడం వల్లే తెలుగువారికున్న ఒకే ఒక్క ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫుట్‌బాల్ జట్టు చెల్లాచెదురైంది. 2022 మార్చిలో కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ, 2023-24 సీజన్‌లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటే గెలిచి అట్టడుగున మిగిలింది. విదేశీ ఆటగాళ్లు చాలామంది మధ్యలోనే వెళ్లిపోతే కుర్రాళ్లు చివరిదాకా నిలబడి ఆడారు. ఓటములకు వాళ్లను నిందించడం అన్యాయం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. మా కోనసీమలో మాసూళ్లయ్యాక వరిచేలో గోల్‌పోస్టులుగా వెదురు గడలు పాతి, మోళ్లు గుచ్చుకుంటున్నా ఉత్తికాళ్లతో ఆడే పిల్లల్లో ఆ జట్టు పసుపు చొక్కాలు కనిపించేవి. ఇప్పుడు వాళ్లకు ఏ జట్టును చూపించాలి? సీజన్ మొదలవకముందే ఏడాది జీతాల మొత్తాన్ని జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ప్రతి క్లబ్బు చేతా డిపాజిట్ చేయించాలి. కట్టలేని యాజమాన్యానికి లైసెన్సు నిరాకరించాలి.
– ఒక ఫుట్‌బాల్ అభిమాని, అమలాపురం