మా పొట్టేలు తల నొక్కి చూసిన డాక్టరమ్మకు

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. అనంతపురం జిల్లాలో మా చుట్టుపక్కల జీవాలున్న వాళ్ళకు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.

మా నాయనకు నూట పది జీవాలు. వాటిలో ఏడాది ఈడు పొట్టేలు ఒకటి నెల రోజులుగా మందతో కలవడం మానేసింది. తల ఒక పక్కకు వాల్చి, ఎప్పుడు చూసినా కుడివైపే గిరగిరా తిరగడం. దొడ్డి మూలకు పోయిందంటే గోడకు నుదురు ఆనించి అట్లే నిలబడేది. ఒకచోట చిటుకు రోగమని చెప్పి సూదులిచ్చారు. ఐదు రోజులు వేయిస్తే రెండు వేల చిల్లర పోయింది, తిరగడం మాత్రం పోలేదు. గాలి సోకిందేమోనని అమ్మ నిమ్మకాయలు దిగదీసింది. అంటుకుంటుందేమోనని పక్క మంద వాళ్ళు మాతో కలిపి తోలడం మానేశారు. ఇవన్నీ నాకు బెంగళూరులో ఫోన్‌లో తెలుస్తుంటే ఒకటే టెన్షన్. చివరికి సెలవు పెట్టి వచ్చి, ఆటోలో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరమ్మ వెంటనే సూది పట్టుకుంటారనుకున్నా. ముందు గ్లవ్స్ వేసుకుని, పిచ్చికుక్క ఏమైనా కరిచిందా అని అడిగారు. జ్వరం చూశారు, లేదు. చెవులు, పెదవులు ఒక పక్కకు జారాయేమో చూశారు. తుమ్ములు, చీమిడి ఉన్నాయా అని అడిగారు, ముక్కులో ఈగ పురుగులున్నా కొన్ని ఇట్లాగే చేస్తాయట. తర్వాత దాన్ని వదిలేసి, పది నిమిషాలు ఊరికే నిలబడి చూశారు. నాయనకు ఓపిక చచ్చింది, నాకూ అంతే.

అప్పుడు కుడి కన్ను ముందు చేయి ఆడించారు. రెప్ప కొట్టింది. ఎడమ కన్ను ముందు ఆడిస్తే కదల్లేదు. అదే కంట్లోకి టార్చి వేస్తే మాత్రం పాప చిన్నదయింది. "కన్ను బాగానే ఉంది, చూపు అందాల్సిన చోట మెదడులో ఏదో అడ్డం పడింది. కుడికి తిరుగుతోంది, ఎడమ చూపు పోయింది, అంటే కుడి పక్కనే" అంటూ కొమ్ము మొదలు వెనక బొటనవేలితో నొక్కుతూ పోయారు. ఒకచోట ఆగి నా వేలు పెట్టించారు. టెంకాయ కన్ను మీద నొక్కితే ఎట్లా ఉంటుందో అట్లా మెత్తగా లోపలికి పోయింది! స్కానింగ్ లేదు, రక్తపరీక్ష లేదు. మెదడులో నీటి తిత్తి, గిడ్ జబ్బు అన్నారు.

ఆపరేషన్ మరుసటి రోజు. వెంట్రుకలు గొరిగి, మత్తు సూది వేసి, పలచబడ్డ ఎముకకు చిన్న కంత చేశారు. సిరంజితో సగం టీ గ్లాసు నీళ్ళు లాగాక, పొరను చిరగకుండా పట్టుకారుతో మెల్లగా తిప్పుతూ బయటికి తీశారు. అచ్చం తాటిముంజ పొరే. దాని మీద గసగసాలు చల్లినట్టు తెల్లటి చుక్కల గుంపులు. ఒక్కో చుక్కా ఒక బద్దెపురుగు తల అని చెప్పారు.

అప్పుడడిగారు, ఇంతకు ముందు ఇట్లా తిరిగి చచ్చిన జీవం ఉందా, దాని తలకాయ ఏం చేశారు అని. నాయన నేల చూపులు చూశాడు. పోయిన దసరాకు ఒకటి చస్తే చెరువుకట్ట అవతల పారేశాం. మా మంద కుక్క నల్లోడు రెండు రోజులు అక్కడే ఉన్నాడు. వాడి కడుపులో ఆ తలలు పురుగులై, గుడ్లు వాడి మలంలో పడి, బీడు గడ్డి మీద నుంచి పొట్టేలు కడుపులోకి, అక్కణ్ణుంచి మెదడుకు. జీవానికి జీవం అంటించదట, మధ్యలో కుక్క ఉండాల్సిందే. ఈ మాట పక్క మంద వాళ్ళకు ఆమే ఫోన్ చేసి చెప్పారు. జీవాలకు ఏడాదికి మూడుసార్లు నట్టల మందు తాపే మాకు, కుక్కకు కూడా తాపాలని ఏనాడూ తోచలేదు. ఆమె తిట్టలేదు. నల్లోడికి తూకం ప్రకారం ప్రాజిక్వాంటెల్ అనే నట్టల మాత్రలిచ్చి, తలకాయలను కాల్చండి లేదా లోతుగా పూడ్చండి అన్నారు, అంతే.

అన్నీ బతకలేదు. ఇంకో పిల్ల కాళ్ళు తడబడి లేవలేని స్థితికి వచ్చింది. తిత్తి చెయ్యి అందని చోట ఉందని, కోసి హింస పెట్టొద్దని నిజం చెప్పేశారు. దానికీ కృతజ్ఞతలే. మెడ గట్టిగా పట్టుకున్న అటెండర్ అన్నకు, రెండు రోజులూ బాడుగ తీసుకోని ఆటో మామకు కూడా.

మేడమ్, పొట్టేలు నాలుగో రోజుకే తిరగడం మానేసి మంద వెంట పోతోంది. ఎడమ పక్క రాయి తగిలితే ఇంకా ఉలిక్కిపడుతుంది, తల కొంచెం వాలుస్తుంది. కుట్లు విప్పడానికి బుధవారం తీసుకొస్తాం. నల్లోణ్ణి కూడా.