గోడౌన్ల స్టాక్ ఎంట్రీ గురించి, అందరూ చదవండి

తమ్ముళ్లూ, నిన్న రాజమండ్రి కౌంటర్లో జరిగింది మళ్లీ జరగకూడదు. సిస్టమ్‌లో 5 హెచ్‌పీ మోటార్లు రెండు చూపిస్తున్నాయని అడ్వాన్స్ తీసుకుని లోపలికెళ్లి చూస్తే ఒక్కటీ లేదు, రెండూ విజయవాడ నుంచి వస్తున్న బండిలో ఇంకా ఏలూరు దగ్గరే ఉన్నాయి. పాపం ఆ రైతు, చేను ఎండిపోతోందని పరుగెత్తుకొచ్చి సాయంత్రం దాకా మన మెట్ల మీదే కూర్చున్నాడు.

బండి ఎక్కించగానే అవతలి స్టాక్‌లో వేసేయడం వల్లే ఈ తిప్పలు. అందుకే టాలీలో (మన లెక్కల సాఫ్ట్‌వేర్) ‘దారిలో’ అని ఇంకో గోడౌన్ తెరిచాను. సరుకు బయల్దేరితే స్టాక్ జర్నల్‌లో (ఒక గోడౌన్ నుంచి ఇంకోదానికి సరుకు మార్చే ఎంట్రీ) అందులోకి వెయ్యండి, దిగాక డబ్బా మీది సీరియల్ నంబరు చూసి సరుకుతో వచ్చిన చలాన్ మీద టిక్ పెట్టాకే అక్కడి గోడౌన్‌లోకి మార్చండి. ఎంట్రీ రాత్రికి వేద్దాంలే అని వదిలేయొద్దు.

మన రెండు చోట్లా జీఎస్టీ నంబరు ఒకటే కాబట్టి డెలివరీ చలాన్ చాలు, కానీ విలువ 50,000 దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే జీఎస్టీ పత్రం) తప్పదు. హైదరాబాద్‌కి అయితే నంబరు వేరు, ట్యాక్స్ ఇన్‌వాయిస్ కొట్టాల్సిందే.

ఆదివారం పొద్దున 9కి రెండు గోడౌన్లలో ఒకేసారి లెక్క, షీట్ల ఫొటోలు ఇక్కడే పెట్టండి.