తిహాయి పడకముందే సబ్బు ప్రకటన

సంపాదకులు గారికి, నమస్కారం.

పోయిన వారం మీ జిల్లా పేజీలో 'శాస్త్రీయ సంగీతానికి శ్రోతలు కరువు' అన్న వార్త చూశాను. ఆ పూటే రాద్దామనుకున్నాను. కోపంలో రాస్తే మర్యాద తప్పుతుందని మా ఇంటావిడ పెన్ను తీసి దాచేసింది. అయిదు రోజులైంది, కోపం తగ్గలేదు, పెన్ను మాత్రం దొరికింది.

మా ఆకాశవాణి రేడియో కేంద్రం వారానికోసారి వేసే గంటసేపటి హిందుస్తానీ శాస్త్రీయ సంగీత కార్యక్రమాన్ని అరగంట చేసి, రాత్రి పదిన్నర తర్వాతకు తోసేసిన సంగతి అందరికీ తెలిసిందే. ఎందుకయ్యా అంటే 'ఎవరూ వినడం లేదు, అయినా అది మన ప్రాంతపు సంగీతం కాదు' అన్నారట అధికారి గారు. మీ విలేకరి అది రాసుకొని వచ్చేశారు. శ్రోత అనేవాడు ఒకడుంటాడనీ, వాడినీ ఒక మాట అడగాలనీ తోచినట్టు లేదు.

నేను గూడ్సు గార్డుగా పనిచేసి రిటైరయ్యాను. గుంతకల్లు నుంచి బళ్లారి, హోస్పేట మీదుగా పోయే లైను నాది, ఇంకా మీటరు గేజి ఉన్న రోజులు. ఎదురు బండికి దారివ్వడానికి పక్క పట్టాల మీద, లూప్ లైన్లో, బండి పెట్టేస్తే గంటా రెండు గంటలూ కదిలేది కాదు. డ్యూటీలో రేడియో వినకూడదని రూలు. పెన్షన్ వస్తోంది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా చెబుతున్నాను: నా లైన్ బాక్సులో, అంటే డ్యూటీ పెట్టెలో, ఎర్ర జెండా, పచ్చ జెండా, ప్రమాద హెచ్చరికకు పట్టాల మీద పేల్చే డిటోనేటర్ల పక్కన గుడ్డలో చుట్టిన చిన్న ట్రాన్సిస్టర్ ఉండేది. రాత్రి పూట మీడియం వేవ్‌లో ధార్వాడ కేంద్రం పక్కింట్లో పాడినంత స్పష్టంగా వచ్చేది. 1950లో మొదలైన కేంద్రం అది. మల్లికార్జున మన్సూర్ గారంతటి గాయకులు అక్కడ సంగీత సలహాదారుగా ఉన్నారు. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఢిల్లీ నుంచి జాతీయ సంగీత కార్యక్రమం, 1952 నుంచీ ఉన్నదే. గంగూబాయి హంగల్, భీమ్‌సేన్ జోషి, బసవరాజ్ రాజ్‌గురు, ఆ పెద్ద గాయకులందరినీ నేను బండి చివర గార్డు కూర్చునే బ్రేక్ వ్యానులోనే విన్నాను. టిక్కెట్టు కొని కచేరీకి పోయింది జీవితంలో రెండుసార్లు.

వినడం ఎలా నేర్చుకున్నానో అది చెప్పాలి, ఎందుకంటే గొడవంతా దాని మీదే. నాకు గురువు లేడు. అనౌన్సరే గురువు. ఇప్పుడు ఫలానా రాగం, నిదానంగా సాగే విలంబిత ఏక్‌తాల్, తర్వాత వేగంగా సాగే ద్రుత్ తీన్‌తాల్, తబలా మీద ఫలానా వారు, సారంగి మీద ఫలానా వారు, అని తాపీగా చెప్పేవారు. కన్నడంలోనే అనుకోండి, గుంతకల్లు వాడికి కన్నడం రాకపోవడమేమిటి. ఒక రాత్రి తీన్‌తాల్ అనే తాళం గురించి రెండు నిమిషాలు చెప్పారు: పదహారు మాత్రలు, అంటే పదహారు లెక్కలు, నాలుగేసి చొప్పున నాలుగు భాగాలు, తొమ్మిదో మాత్ర దగ్గర ఖాళీ, అంటే ఆ భాగంలో తబలా జతలోని ఎడమ చేతి డగ్గా గుమ్మని మోగదు, దాన్ని బట్టి ఎక్కడున్నామో పట్టుకోవచ్చు అని. అంతే. ఆ రాత్రి నుంచి లైన్ బాక్సు మూత మీద 'ధా ధిన్ ధిన్ ధా' కొడుతూ, తొమ్మిదో దగ్గర చెయ్యి గాలిలోకి తిప్పుతూ కూర్చునేవాణ్ణి. ఇంజను దగ్గరి నుంచి నడిచొచ్చిన ఫైర్‌మన్ చూసి 'గార్డుసాబ్‌కు గాలి సోకింది' అని గుంతకల్లంతా చెప్పాడు. సోకిన మాట నిజమే. ఆ గాలితోనే తర్వాత తబలా జత కొని, మా వీధి భజన మందిరంలో ఇరవై ఏళ్లుగా వాయిస్తున్నాను, అదెలా ఉంటుందో వినేవాళ్లని అడక్కండి.

ఇక మన కేంద్రం సంగతి. పోయిన నెల ఒక రాత్రి తబలా సోలో వేశారు. వాయించింది ఎవరో చెప్పలేదు. తాళమేమిటో చెప్పలేదు. 'ఇప్పుడు శాస్త్రీయ సంగీతం' అన్నారు, అంతే, ఇడ్లీకొట్టు వాడు 'టిఫిన్' అని బోర్డు పెట్టినట్టు. అయినా బాగుంది. ఎత్తుగడగా వాయించే పేష్కార్ నిదానంగా విప్పారు, ఒక బాణీని రకరకాలుగా తిప్పే కాయదా అందుకున్నారు, జోరుగా సాగే రేలాలోకి వచ్చేసరికి నేను మంచం దిగి కూర్చున్నాను. చివర్లో తిహాయి ఎత్తుకున్నారు. తెలియని వారికోసం: ఒకే ముక్కను మూడుసార్లు వాయిస్తారు, మూడోసారి ఆఖరి దెబ్బ సూటిగా తాళం మొదటి మాత్ర మీద, సమ్ మీద పడుతుంది. మన మృదంగం వాళ్లు ముక్తాయింపు అంటారే, అలాంటిదే. అంతసేపు పన్నిన వలంతా ఆ ఒక్క 'ధా'తో లాగుతారు. ఒకసారి అయింది. రెండోసారి అయింది. మూడోది సగంలో ఉండగా, వేలు గాల్లో ఉండగా, బట్టల సబ్బు ప్రకటన.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నవ్వుతారు. తుమ్ము వచ్చినట్టే వచ్చి ఆగిపోతే ఎలా ఉంటుందో అలా తెల్లవార్లూ గడిపాను. మర్నాడు కేంద్రానికి ఫోను చేశాను. ఎవరో అబ్బాయి 'సార్, టైమ్ అయిపోతే సిస్టమ్ దానంతటదే కట్ చేస్తుంది, మాదేం లేదు' అన్నాడు. రికార్డింగు ఎంతసేపుందో ముందే చూసుకొని వేయొచ్చు కదా నాయనా అంటే 'లెటర్ పెట్టండి' అన్నాడు. పెట్టాను. మూడు పెట్టాను. ఉత్తరం రాసే శ్రోతకు జవాబివ్వరు, శ్రోతలు లేరని పేపరుకు చెబుతారు.

'మన ప్రాంతపు సంగీతం కాదు' అన్న మాటకొస్తాను. ఇది బళ్లారి రాఘవ గారు, ధర్మవరం కృష్ణమాచార్యులు గారు నాటకాలాడిన సీమ. పద్య నాటకానికి పక్కన కూర్చునేది ఏమిటి, హార్మోనియం, తబలా. అవి మన స్టేజీ ఎక్కి వందేళ్లు దాటింది. హైదరాబాద్ రేడియోలో ఉస్తాద్ షేక్ దావూద్ గారి తబలా విన్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గాయకుడు బడే గులాం అలీ ఖాన్ సాహెబ్ 1968లో కన్నుమూసింది హైదరాబాద్‌లోనే, సమాధి కూడా అక్కడే. ఇక మా లైన్లో గదగ్ స్టేషన్లో దిగితే వీరేశ్వర పుణ్యాశ్రమం. చూపులేని పిల్లలకు ఎన్ని దశాబ్దాలుగానో సంగీతం నేర్పుతున్న చోటు. వాళ్లకు రాష్ట్ర సరిహద్దు ఎక్కడుందో అధికారి గారే పోయి చూపించాలి.

నిజానికి ఆకాశవాణి వారికి ఈ తిక్క కొత్తది కాదు. 1940లో హార్మోనియం మన వాద్యం కాదని రేడియో గుమ్మం బయట నిలబెట్టారు, మూడు దశాబ్దాల పాటు. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రిగా వచ్చి సినిమా పాట మీద కత్తి కట్టారు, జనం రేడియో సిలోన్‌కు పోయారు, 1957లో వివిధ భారతి పెట్టి బతిమాలుకోవాల్సి వచ్చింది. అప్పుడు ముక్కు మూసి శాస్త్రీయం తాగించారు, ఇప్పుడు అడిగినవాడికి కూడా గుక్కెడు పోయడం లేదు. రెండు సార్లూ అడక్కుండా వదిలేసింది శ్రోతనే.

రేడియో కేంద్రంలో జీతం మీద వాయించే నిలయ విద్వాంసులని ఉండేవారు గుర్తుందా? మా కేంద్రంలో తబలా ఆయన రిటైరై ఎన్నేళ్లైందో, ఆ కుర్చీ ఇప్పటికీ ఖాళీ. తీన్‌తాల్‌లో ఖాళీ ఒక్క మాత్ర దగ్గరే, ఆఫీసులో ఏ గదిలో చూసినా ఖాళీయే. 2019 మొదట్లో ఆకాశవాణి జాతీయ చానల్‌ను మూసినప్పుడు హైదరాబాద్‌తో సహా అయిదు ఊళ్లలో శిక్షణ అకాడమీలూ మూసేశారు. అనౌన్సర్‌కు నేర్పేవారు లేకపోతే ఝప్‌తాల్ అనే తాళానికి పది మాత్రలని ఆ అనౌన్సరు పిల్లకు ఎవరు చెబుతారు? ఆమెను అనడం లేదు. పూటకింత అని లెక్కగట్టి ఇచ్చే క్యాజువల్ ఉద్యోగం, రేపు ఉంటుందో లేదో తెలియని మనిషి.

ఆకాశవాణి యాప్ ఉందిగా అంటారు. ఉంది. 2016లో పెట్టిన 'రాగం' శాస్త్రీయ సంగీత చానల్ మంచిదే, మా మనవడు ఫోన్లో పెట్టిచ్చాడు, రోజంతా వస్తుంది. కానీ వాడు బడికి పోతే ఫోనూ పోతుంది. పొలం కాడ మోటారు షెడ్డులో వేలాడే డబ్బా రేడియోకు యాప్ ఎక్కదు. మీడియం వేవ్ ట్రాన్స్‌మీటర్లు ఒక్కొక్కటే ఆపుకుంటూ పోతున్నారు, ఆపాక ఎవరూ వినడం లేదంటారు. బస్సు ఎత్తేసి ప్రయాణికులు లేరన్నట్టుంది.

2024 డిసెంబరులో తబలా విద్వాంసుడు జాకీర్ హుస్సేన్ గారు పోయినప్పుడు మీరూ పేజీ నిండా వేశారు, రేడియో వారూ గద్గద స్వరంతో నివాళులర్పించారు. మంత్రులు ట్వీట్లు పెట్టారు. ఏమైంది ఆ కన్నీళ్లన్నీ? వారానికి గంట తబలాకు చోటు లేదా?

నేనడిగేవి పెద్దవేం కావు. రాత్రి తొమ్మిదిన్నరకు గంట తిరిగి ఇవ్వండి. వాయించేవారి పేరు, తాళం పేరు చెప్పండి, సంగత్ చేసినవారి, అంటే పక్కన వాయించినవారి, పేరుతో సహా. రెండు నిమిషాలు తెలుగులో విడమర్చి చెప్పండి, నాలాంటి గార్డొకడు ఎక్కడో వింటుంటాడు. మూడో 'ధా' పడ్డాక సబ్బు అమ్ముకోండి, కొంటాను కూడా.

ఇంకొకటి. ఆ వార్త పక్కన మీరు వేసిన ఫొటో కింద 'తబలా వాయిస్తున్న కళాకారుడు' అని ఉంది. ఆయన ఒళ్లో ఉన్నది ఢోలక్. సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ గూడ్సు గార్డు,
గుంతకల్లు