దమ్మాంలో మా తమ్ముణ్ని వెతికిపెట్టిన ట్యాంకర్ డ్రైవరు గారికి

తమ్ముడు ఇల్లు చేరాడు. కుడిచేయి ఇంకా లేవడం లేదు, మాట ముద్దగా వస్తోంది, కానీ సోంపేట దగ్గర మా ఇంట్లో, మా అమ్మ కళ్లెదుట ఉన్నాడు. సౌదీలో తమ్ముడి జాడ తెలియడం లేదని ఫేస్‌బుక్‌లో నేను పెట్టిన పోస్టు చూసి పదిమందికి పంపినవాళ్లు, ఫోన్ చేసి ఏమైందని అడిగినవాళ్లు ఎందరో. ఒక్కొక్కరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను. కళ్లు మూతలు పడుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి.

సంగతి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా ఉద్దానాన్ని తుడిచిపెట్టినప్పుడు మా కొబ్బరి తోట నేలకొరిగింది. కొబ్బరి మొక్క మళ్లీ నాటితే కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. అంతవరకు ఏం తినాలి? కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం వైపు కుర్రాళ్లు చేసే పనే మావాడూ చేశాడు. వెల్డింగు నేర్చుకుని, ఒక ఏజెంటుకు డబ్బు కట్టి సౌదీ వెళ్లాడు. కొన్నాళ్లు బాగానే గడిచింది. తర్వాత దమ్మాం వైపు జుబైల్‌లో ఆ కంపెనీ పని ఆగిపోయింది, జీతాలు ఆగిపోయాయి, కఫీల్ (అంటే అక్కడ పనికి పెట్టుకున్న యజమాని) అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) పొడిగించలేదు. అయినా రోజూ ఇమోలో వీడియో కాల్ చేసి కనిపించేవాడు. ఒకరోజు నుంచి అదీ లేదు. ఫోన్ మోగదు. తోటివాళ్లు గది మారిపోయారు. ఏజెంటు ఫోన్ ఎత్తడు.

నాకు అప్పటివరకు ఫేస్‌బుక్ ఖాతా లేదు. పనిలేనివాళ్లు తిన్న అన్నం ఫొటోలు పెట్టుకునే చోటు అని నా అభిప్రాయం. నిజం చెప్పాలంటే ఇప్పటికీ సగం అదే అభిప్రాయం. కానీ మా చుట్టాలందరూ ఒకే మండలంలో ఉన్నారు. ఎవరికి చెప్పినా "అయ్యో" అంటారు, కన్నీళ్లు పెట్టుకుంటారు, దమ్మాంలో ఏ ఆసుపత్రి ఎక్కడుందో చెప్పగలిగినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. మా అమ్మాయి నా పేరుతో ఖాతా తెరిచి, సౌదీలో ఉన్న తెలుగువాళ్ల గుంపులు వెతికింది. ఊరూరికీ ఒక గుంపు ఉంది! రియాద్‌వాళ్లది వేరు, జెద్దావాళ్లది వేరు, దమ్మాం, జుబైల్ వైపు వాళ్లది వేరు. బావిలో జారిపోయిన చేద కోసం కొక్కేల గాలం వేసినట్టు అన్నింటిలోనూ వాడి ఫొటో వేశాం. ఒక గుంపు నడిపే అతను వెంటనే హెచ్చరించాడు: పాస్‌పోర్టు కాగితం అందరికీ కనిపించేలా పెట్టవద్దు, దొంగలు వాడుకుంటారు అని. అతను అన్నట్టే అయింది. "మీ తమ్ముడు మా దగ్గరే ఉన్నాడు, ముందు డబ్బు వేయండి" అని ఎవడో ఫోన్ చేశాడు. వాడి సంగతి ఇక్కడ అనవసరం.

ఇక డ్రైవరు గారు. స్నేహితుల జాబితాలో లేనివాళ్లు రాసే ఉత్తరాలు అక్కడ వేరే అరలో పడతాయట. మా అమ్మాయి ఆ అర తెరిచేసరికి ఒక వాక్యం ఉంది: "అక్కా, పాస్‌పోర్టు మొదటి పేజీ నాకు ఒక్కడికే పంపండి, శుక్రవారం నాకు సెలవు." అంతే. ఊరు జగిత్యాల వైపు, దమ్మాంలో నీళ్ల ట్యాంకరు నడుపుతారు. మా జిల్లా ఎప్పుడూ చూడలేదు. వారానికి ఉన్న ఆ ఒక్క సెలవు రోజు బట్టలు ఉతుక్కోవడానికి, నిద్రపోవడానికి, ఇంటికి ఫోన్ చేసుకోవడానికి అక్కడివాళ్లకు ఎంత అవసరమో మా తమ్ముడు చెప్తుంటే విన్నాను. ఆ రోజంతా ఆయన ప్రభుత్వ ఆసుపత్రుల చుట్టూ తిరిగారు. పేరు చెప్తే ఎక్కడా లేడన్నారట. అరబీలో "ప" లేదు, మావాడి పేరును "బ"తో రాసుకున్నారు. ఆయన పట్టువదలకుండా పాస్‌పోర్టు నంబరు చూపించి చిట్టాలు వెతికించారు. పక్షవాతం వచ్చి రోడ్డు పక్కన పడిపోతే ఎవరో అంబులెన్సులో చేర్చారని అప్పుడు బయటపడింది.

సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మాకు రాత్రి పొద్దుపోయాక వీడియో కాల్ వచ్చింది. తెరమీద తమ్ముడు. నున్నగా గీసిన గడ్డం, దువ్విన తల, ఇస్త్రీ చొక్కా. మా అమ్మ "బాగానే ఉన్నాడే!" అంది. నేను మాత్రం చొక్కా వైపే చూశాను. వాడు నీలం చారల చొక్కాలు వేసుకోడు, భుజాలు కూడా జారిపోతున్నాయి. మర్నాడు అడిగితే డ్రైవరు గారు నసుగుతూ చెప్పారు. మాసిపోయిన గడ్డంతో, ఆసుపత్రి గౌనులో చూస్తే అమ్మ తట్టుకోలేదని ముందు బజారుకెళ్లి బ్లేడు కొని, తానే గడ్డం గీసి, తన చొక్కా తొడిగి, అప్పుడు ఫోన్ చేశారట. మాటలు వినీ వినీ రాయైపోయిన నేను ఆ చొక్కా దగ్గర కూలిపోయాను. వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత కూడా ఆయన వదల్లేదు. మావాడు పని వదిలి పారిపోయాడని కఫీల్ ఫిర్యాదు (అక్కడ హురూబ్ అంటారు) పెట్టి ఉంచాడు, కాబట్టి ఎగ్జిట్, అంటే దేశం విడిచి రావడానికి అనుమతి, రావడం కష్టమైంది. రాయబార కార్యాలయం తరఫున పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తను పట్టుకున్నదీ ఆయనే. ఆపదలో ఉన్నవాళ్ల టికెట్టుకు భారతీయ సమాజ సంక్షేమ నిధి అని ఒకటి ఉందనీ, అది 2009 నుంచే ఉందనీ ఆయన చెప్తేనే తెలిసింది. ఫిర్యాదుకు 2015లో మొదలైన విదేశాంగ శాఖ వారి మదద్ పోర్టల్ ఉందనీ ఆయనే చెప్పారు. పెట్రోలు ఖర్చయినా తీసుకోండి అంటే ఒప్పుకోలేదు. "మీ వైపు జీడిపప్పు బాగుంటుందట కదా అక్కా, నేను సెలవుకు వచ్చినప్పుడు ఒక కిలో పంపండి, డబ్బులిస్తాను" అన్నారు. డబ్బులిస్తారట!

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. అంత దూరాన ట్యాంకరు తోలుకునే మనిషికి తెలిసిన సంగతులు ఇక్కడ కుర్చీల్లో ఉన్నవాళ్లు నాకెందుకు చెప్పలేదు? ఒక కార్యాలయంలో "ఇది మా పరిధి కాదు" అన్నారు. ఇంకో చోట ఏజెంటు మీద ఫిర్యాదు ఇస్తే "డబ్బు కట్టిన రసీదు ఏది" అన్నారు. దొంగ ఏజెంటు రసీదు ఇస్తాడా? రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. మా దగ్గర అంతకు ఎన్నో రెట్లు లాగాడు. పదో తరగతి పాసైనవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు, అంటే పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి, అక్కర్లేదు, అందువల్ల ఆ అనుమతితో పాటు తీసుకోవాల్సిన బీమా ఊసు కూడా ఎవరూ ఎత్తరు. ప్రవాసీ భారతీయ బీమా రెండేళ్లకు 275 రూపాయలు. వెల్డింగు నేర్పే ప్రతి షెడ్డు గోడ మీదా ఈ ఒక్క వాక్యం రాయించడానికి ఎంత ఖర్చవుతుంది?

మా ఆయన, పెద్దన్నయ్య, వదిన, ఆడపడుచు అందరూ ఉన్నారు, చేశారు. వాళ్లకు ఇక్కడ కృతజ్ఞతలు చెప్తే నన్ను ఇంట్లోకి రానివ్వరు.

ఆసుపత్రిలో వాడికి తినిపించిన కేరళ నర్సమ్మ పేరు కూడా తెలియదు, ఆమెకు నమస్కారం. హైదరాబాదు విమానాశ్రయంలో చక్రాల కుర్చీ తోసుకొచ్చి విశాఖ విమానం దాకా వదలకుండా ఉన్న కుర్రాడికి. రాత్రి షాపు మూసే వేళ మళ్లీ తాళం తీసి కాగితాలు స్కాన్ చేసిచ్చిన మా జెరాక్స్ కొట్టు బాబుకు. అయ్యో, విశాఖ నుంచి ఇంటిదాకా తెచ్చిన అంబులెన్సు డ్రైవరునూ మరిచిపోయాను, దారిలో ఆపి అమ్మకు టీ ఇప్పించాడు. దమ్మాం గుంపులో నా పోస్టును రోజూ పైకి తెచ్చిన అతనికి కూడా.

డ్రైవరు గారూ, ఇంటి చిరునామా పంపారు కానీ పిన్‌కోడు వేయలేదు. మీ సెలవుదాకా ఆగం, పప్పు ముందే మీ ఇంటికి పంపిస్తాం. పేరు జోడించి పోస్టు పెట్టడం నాకింకా చేతకాదు, మా అమ్మాయి నిద్రపోతోంది. దమ్మాం గుంపులో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది ఆయనకు చూపించండి.