రెండో డీజిల్ ట్యాంకు: లీటర్ల లెక్కకన్నా ముందు పైపుల దారి చూడాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

డీజిల్ పికప్ ట్రక్కు వెనుక తొట్టిలో అదనపు ట్యాంకు పెట్టించుకోవాలనుకునే ప్రతి యజమానీ మొదట అడిగేది ‘ఎన్ని లీటర్లు పడుతుంది?’ అని. నేనూ అదే అడిగాను. దానికి జవాబు సులువుగానే దొరికింది. ‘ఇంజిను వాడుకోగా మిగిలిన డీజిల్ తిరిగి ఏ ట్యాంకులోకి వెళుతుంది?’ అని కూడా అడగాలని మాత్రం నడిరోడ్డు మీద తెలిసింది. నాలాగా మరొకరికి అలా తెలియకూడదన్న ఉద్దేశంతో ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా బండికి అమర్చిన ఏర్పాటు చూడడానికి చక్కగానే ఉండేది. డ్యాష్‌బోర్డు కింద ఒక స్విచ్చు, ఛాసీ (బండి అడుగు చట్రం) దగ్గర ఒక వాల్వు. స్విచ్చు ఒకవైపు వేస్తే అసలు ట్యాంకు నుంచి, రెండోవైపు వేస్తే కొత్త ట్యాంకు నుంచి డీజిల్ ఇంజినుకు వెళ్ళేది. రెండు ట్యాంకులూ నిండుగా ఉన్న రోజున స్విచ్చు కొత్త ట్యాంకు వైపు వేసి బయలుదేరాను. కొంతదూరం పోయాక వెనుక ద్విచక్ర వాహనం మీద వస్తున్న వ్యక్తి హారన్ కొట్టి, చెయ్యి ఊపి ఆపించాడు. దిగి చూస్తే అసలు ట్యాంకు మూత అంచు నుంచి డీజిల్ ధారగా కారుతోంది. పెట్రోలు పడితే కాసేపట్లో ఆవిరైపోతుంది. డీజిల్ అలా ఆరదు, రోడ్డు మీద నూనె పొరలా నిలిచి రెండు చక్రాల బండిని ఇట్టే జార్చేస్తుంది. ఆయన జారి పడకపోవడం మా ఇద్దరి అదృష్టం.

కారణం చాలా చిన్నది. డీజిల్ ఇంజినుకు పంపు పంపించే ఇంధనమంతా మండిపోదు. హై ప్రెషర్ పంపును, ఇంజినులోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లను చల్లబరిచి, వాటికి జిడ్డునిచ్చిన మిగులు డీజిల్ రిటర్న్ పైపు ద్వారా వెనక్కి వస్తుంది. నా బండిలో వాల్వు తీసుకునే దారిని మాత్రమే మార్చింది; తిరిగి వచ్చే దారి పాతదే, అసలు ట్యాంకులోకే. అంటే ఇంజిను కొత్త ట్యాంకు నుంచి తాగుతూ, మిగిలినదంతా అప్పటికే నిండి ఉన్న పాత ట్యాంకులో పోస్తూ వచ్చింది. ఈ పద్ధతిలోనే అమర్చదలచినవారు సరఫరానూ రిటర్న్‌నూ ఒకేసారి మార్చే ఆరు దారుల వాల్వు తప్ప మరొకటి పెట్టించుకోరాదు.

అయితే ఆరు దారుల వాల్వు పెట్టినా ఇంజినును నేరుగా అదనపు ట్యాంకుకు కలపడం మంచిది కాదని ఇప్పుడు నా అభిప్రాయం. స్విచ్చు తిప్పడం మరిచి ఆ ట్యాంకు ఖాళీ అయితే పైపుల్లోకి గాలి చేరి ఇంజిను ఆగిపోతుంది. ఆ గాలి తీసేదాకా మళ్ళీ స్టార్టు కాదు. అదనపు ట్యాంకులోని డీజిల్‌ను ముందు అసలు ట్యాంకులోకి చేర్చి, అక్కడి నుంచి కంపెనీ వేసిన దారిలోనే ఇంజినుకు పోనివ్వడం మేలు. అప్పుడు రిటర్న్ పైపును ముట్టుకోనక్కరలేదు, ఫిల్టరు మారదు, మీటరు ముల్లు కూడా నిజమే చెబుతుంది.

అలా చేర్చడానికి చాలామంది ఎంచుకునేది పంపు లేని పద్ధతి. తొట్టిలోని ట్యాంకు ఎత్తులో ఉంటుంది, అసలు ట్యాంకు కింద ఉంటుంది, మధ్యలో ఒక పైపు వేస్తే చాలునంటారు. నీరు పల్లమెరుగు అన్నారు కదా, డీజిలూ అంతే. ఆపేవాళ్ళు లేకపోతే అది కింది ట్యాంకు నిండినంత మాత్రాన ఆగదు. మూత రబ్బరు అరిగినా, గాలి గొట్టంలో లోపమున్నా, బండి ఏటవాలుగా ఆగినా పై ట్యాంకులోని డీజిల్ మొత్తం రాత్రికి రాత్రే నేలపాలు కావచ్చు. ఈ పద్ధతిలో నిండగానే తనంతట మూసుకునే ఫ్లోటు వాల్వు, వెనక్కి పారనివ్వని నాన్ రిటర్న్ వాల్వు, చేతితో తిప్పి కట్టేసే వాల్వు తప్పక ఉండాలి. అవి లేని ఏర్పాటును ఎంత చవకగా ఇస్తామన్నా ఒప్పుకోకూడదు.

నేను చివరికి పెట్టించుకున్నది 12 వోల్టుల చిన్న పంపు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉంటేనే అది తిరుగుతుంది, దానికి విడిగా రిలే (కరెంటును కలిపి తెంచే విద్యుత్ స్విచ్చు), ఫ్యూజు ఉన్నాయి, అసలు ట్యాంకు నిండగానే ఫ్లోటు స్విచ్చు దాన్ని ఆపేస్తుంది. ఈ ఆపే స్విచ్చు ఎందుకో చిన్న లెక్కతో చెబుతాను. పంపు నిమిషానికి 10 లీటర్లు పంపుతుందని, అసలు ట్యాంకులో 30 లీటర్ల చోటు ఉందని అనుకుందాం. మూడు నిమిషాలు దాటిన తరువాత పంపేదంతా రోడ్డు మీదికే. దారి చూస్తూ నడిపే మనిషి గడియారం కూడా చూస్తూ కూర్చోవాలనడం న్యాయం కాదు.

ట్యాంకు విషయానికి వస్తే, గాల్వనైజ్డ్ రేకుతో చేసినది డీజిల్‌కు పనికిరాదు. ఆ పూతలోని జింకు డీజిల్‌లోని ఆమ్లాలతో కలిసి జిగురులాంటి పదార్థమై ఇంజెక్టర్లను పూడ్చేస్తుంది. రాగి డీజిల్‌ను త్వరగా పాడుచేస్తుంది కనుక రాగి గొట్టాలూ వద్దు. అల్యూమినియం, పూత లేని ఉక్కు, ఇంధనానికని తయారుచేసిన ప్లాస్టిక్ సరిపోతాయి. లోపల అడ్డు పలకలు లేకపోతే సగం నిండిన ట్యాంకులో బ్రేకు వేసినప్పుడల్లా డీజిల్ అంతా ఒక్కసారిగా ముందుకు వచ్చి కొడుతుంది. ఆ దెబ్బ అతుకుల మీదా, బోల్టుల మీదా పడుతుంది. పాత ఇంధన ట్యాంకునో డ్రమ్మునో తెచ్చి వెల్డింగుతో సరిచేయించుకుందామనుకునే వారికి చేతులెత్తి చెబుతున్నాను, ఆ పని చేయించవద్దు. ఖాళీగా కనిపించే ట్యాంకులో ఆవిరి, గాలి కలిసి ఉంటాయి. నిండిన ట్యాంకుకన్నా అదే ప్రమాదం, వెల్డింగు చేసే మనిషి ప్రాణమే పోవచ్చు.

డీజిల్ ఎండకు వ్యాకోచిస్తుంది. 150 లీటర్ల డీజిల్ 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండున్నర లీటర్లు పెరుగుతుంది, అందుకని ఐదు శాతం చోటు ఖాళీగా వదలాలి. బండి బోల్తాపడితే మూసుకునే గాలి వాల్వు ఉండాలి.

బరువును చాలామంది లెక్కలోకే తీసుకోరు. లీటరు డీజిల్ సుమారు 830 గ్రాములు తూగుతుంది. 200 లీటర్లంటే 166 కిలోలు, ట్యాంకు సొంత బరువు దానికి అదనం. సరుకు పరిమితిలోంచి అంత తగ్గించుకోవాలి. ట్యాంకును క్యాబిన్ వెనుకే, వెనుక ఇరుసుకు ముందు ఉంచి, తొట్టి రేకుకు కాకుండా ఛాసీకి, లేదా రేకు కింద మందపాటి పట్టీలు పెట్టి బోల్టులు బిగించాలి. ప్రమాదంలో పలచని రేకు చిరిగితే ట్యాంకు క్యాబిన్‌లోకే దూసుకువస్తుంది.

డీజిల్ పెట్రోలులా సులువుగా మంట అందుకునేంత ఆవిరినివ్వదు, అందుకే ఈ ఏర్పాట్లు సాధ్యమవుతున్నాయి. సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా ఆవిరై అంటుకోగల పెట్రోలుకు వీటిని వాడరాదు. అలాగని డీజిల్ నిరపాయమని కాదు. 250 డిగ్రీల ప్రాంతంలో అది నిప్పురవ్వ లేకుండానే అంటుకోగలదు. సైలెన్సరు దారిలో ఉండే పొగ ఫిల్టరు తనలో చేరిన మసిని కాల్చి తనను తాను శుభ్రపరచుకునేటప్పుడు ఆ చోట వేడి సుమారు 600 డిగ్రీలకు చేరుతుంది. అందుచేత పైపు సైలెన్సరుకు దూరంగా వెళ్ళాలి, ఇంధనానికి చేసిన పైపే కావాలి, రేకులోంచి దూరే ప్రతిచోటా రబ్బరు రింగు ఉండాలి.

ఇక నీటి సంగతి. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చలికి తేమ నీరై అడుగున చేరుతుంది, నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి బురదవుతుంది. అడుగున నీరు తీసే కుళాయి, పంపు దగ్గర నీటిని వేరుచేసే ఫిల్టరు ఉంటే ఈ బాధ తప్పుతుంది.

తమరి పత్రిక ద్వారా ట్యాంకులు అమర్చే మెకానిక్ సోదరులకు ఒక విన్నపం. పని ముగియగానే సరఫరా పైపు, రిటర్న్ పైపు, గాలి గొట్టం, వాల్వులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే పటం గీసి యజమానికి ఇవ్వండి, ఒక నకలు ట్యాంకు పక్కన అంటించండి. రెండు ట్యాంకులూ నిండుగా నింపి, ఇంజిను గంటసేపు నడిపి, ప్రతి అతుకునూ, రెండు మూతలనూ తుడిచి చూసిన తరువాతే బండి అప్పగించండి. ఆ గంట పరీక్ష నా బండికి జరిగి ఉంటే, కారిన డీజిల్ షెడ్డులోనే కనబడి ఉండేది.

ఇట్లు,
ఒక పికప్ ట్రక్కు యజమాని