ముందే లారీ కొనకు బావా

రాయగడ,
ఆదివారం

ఒరే బావా,

నీ ఉత్తరం అందింది. పర్లాకిమిడి నుంచి విశాఖ పోర్టుకి జీడిపప్పు తోలే ట్రాన్స్‌పోర్టు పెడతానని, మెల్లగా కంటైనర్ వ్యాపారంలోకి దిగుతానని రాశావు. అందుకని ముందు రెండు లారీలు ఫైనాన్సులో తీసుకోనా అని అడిగావు. తీసుకోకు. ఎందుకో కొంచెం పొడుగ్గానే రాస్తాను, తీరిగ్గా చదువు.

ఈ వ్యాపారంలో, కంటైనర్ రవాణాకి దారి చూపిన మాల్కమ్ మెక్లీన్‌ని మించిన పాఠం ఇంకోటి లేదని నా నమ్మకం. 1913లో అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టాడు. ఒక్క పాత లారీతో మొదలుపెట్టి దేశంలో పెద్ద ట్రక్కు కంపెనీల్లో ఒకటి నిలబెట్టాడు. లారీల కంపెనీ, ఓడల కంపెనీ ఒకరి చేతిలోనే ఉండటానికి అక్కడి చట్టం ఒప్పుకోకపోతే, 1955లో లారీలే వదులుకున్నాడు. 1956 ఏప్రిల్ 26న ‘ఐడియల్ ఎక్స్’ అనే పాత ట్యాంకర్ ఓడ మీద 58 పెట్టెలు, అంటే కంటైనర్లు, పెట్టి నెవార్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. కూలీలు మూటమూటా మోసి ఓడకెక్కిస్తే టన్నుకి 5.86 డాలర్లు అయ్యేది. పెట్టెలో పెట్టి ఎత్తితే 16 సెంట్లే అయింది. సరుకు మీద ఎన్ని చేతులు పడితే అంత ఖర్చని పట్టుకున్నాడు, అంతే.

నాకు అన్నిటికన్నా నచ్చేది మాత్రం వియత్నాం సంగతి. 1967 నుంచి అమెరికా సైన్యానికి కామ్‌రాన్ బే రేవుకి కంటైనర్లు తోలాడు. రానూపోనూ ఖర్చంతా సైన్యం బాడుగలోనే వచ్చేసేది. మరి ఖాళీగా తిరిగొచ్చే ఓడల్ని ఏం చెయ్యాలి? దారిలో జపాన్‌లో ఆపి యొకొహామా సరుకు ఎక్కించాడు. ఆ తిరుగు బాడుగ దాదాపు మొత్తం లాభమే. అదే మనిషి తర్వాత యునైటెడ్ స్టేట్స్ లైన్స్ కొని, 12 భారీ ఓడలు కట్టించి, ప్రపంచం చుట్టూ ఒకే దిక్కుగా తిప్పాడు. చమురు ఖరీదైన రోజుల్లో పొదుపు కోసం నెమ్మదిగా నడిచేలా గీయించిన ఓడలవి. తీరా అవి నీళ్లలోకి దిగేసరికి చమురు ధర పడిపోయింది, వేగంగా నడిచే ఓడలవాళ్లు ముందుకెళ్లిపోయారు. 1986లో వంద కోట్ల డాలర్లకు పైగా అప్పుతో కంపెనీ దివాలా తీసింది. సరుకు, తిరుగు లోడు చూసుకుని ఓడ నడిపినన్నాళ్లు గెలిచాడు. ఓడలు ముందు కట్టి సరుకు తర్వాత వెతుక్కున్నప్పుడు పోయింది. అందుకే నీ రెండు లారీలు వద్దంటున్నాను.

ఇప్పుడు నీ సరుకు సంగతి. ఎగుమతి జీడిపప్పు డబ్బా 11.34 కిలోలు, అట్టపెట్టెకి రెండు డబ్బాలు. ఇరవై అడుగుల కంటైనర్‌కి 700 అట్టపెట్టెలు, అంటే 15.876 టన్నుల పప్పు. దీన్ని రెండు రకాలుగా పంపొచ్చు. ఒకటి, విశాఖ యార్డు నుంచి ఖాళీ కంటైనర్‌ని ట్రెయిలర్ మీద ఫ్యాక్టరీకి తెప్పించి, అక్కడే నింపి, సీలేసి పంపడం. రానూపోనూ బాడుగ పడుతుంది, కానీ డబ్బా మీద ఇంకో చెయ్యి పడదు. రెండోది, పది చక్రాల లారీలో పోర్టు దగ్గరి గోదాంకి తోలి అక్కడ కంటైనర్‌కి మార్చడం. బాడుగ తగ్గుతుంది. కాకపోతే 1,400 డబ్బాలు రెండోసారి దించి ఎక్కించాలి. సొట్టపడిన డబ్బాలో గాలి దూరితే పప్పు పాడవుతుంది, అవతలి కొనుగోలుదారు వెనక్కి కొడతాడు. జీడిపప్పుకి మొదటి పద్ధతే మంచిది. పత్తి బేళ్లకైతే రెండోదాంతో సరిపెట్టుకో.

రానూపోనూ బాడుగ తగ్గించే దారి పలాసలో ఉంది. ఆఫ్రికా జీడిగింజలు కంటైనర్లలో అక్కడికొస్తాయి, దించాక ఖాళీ కంటైనర్ విశాఖ వెళ్లిపోతుంది. దాన్ని తెచ్చిన ఓడల కంపెనీ, అంటే షిప్పింగ్ లైన్, ఒప్పుకుంటే ఆ పెట్టెనే పర్లాకిమిడి తిప్పి నింపొచ్చు. దిగుమతి, ఎగుమతి రెండూ ఒకే లైనువై ఉండాలి, రాతపూర్వకంగా అనుమతి ఉండాలి, ఎన్ని రోజులు ఉచితమో ముందే తేల్చుకోవాలి. ఆ గడువు దాటితే పెట్టె తిరిగివ్వనందుకు రోజుకింతని రుసుము, దాన్నే డిటెన్షన్ అంటారు, మొదలవుతుంది. నీ లాభమంతా అక్కడే ఆవిరైపోతుంది. పలాసలో ఏ రోజు ఎవరి పెట్టె ఖాళీ అవుతుందో తెలిసిన గుమస్తా ఒకడు నీకు రెండు లారీల పెట్టు.

పెట్టె ఫ్యాక్టరీకి రాగానే, పగటిపూటే, ఒక మనిషిని లోపలికి పంపి తలుపులు రెండూ మూయించు. రెండు నిమిషాలు కళ్లు చీకటికి అలవాటు పడనిచ్చి పైకప్పు, మూలలు, తలుపు రబ్బర్లు చూడమను. సూదిమొన అంత వెలుతురు కనిపించినా ఆ పెట్టె వద్దు. లోపల చేపల పొడి, తోళ్లు, మందుల వాసనేదైనా కొట్టినా వద్దు. అడుగు చెక్క మీద అరచెయ్యి పెట్టి చూడాలి. చెమ్మగా ఉంటే అదే అసలు శత్రువు. పగలు ఎండకి ఆ తేమ పైకి లేస్తుంది, రాత్రి చల్లబడ్డ పైరేకు కింద నీటిబొట్లుగా పేరుకుని అట్టపెట్టెల మీద కారుతుంది. ఓడ ఎక్కాక చెయ్యగలిగిందేమీ లేదు. గోడలకి క్రాఫ్ట్ కాగితం, పక్కలకి తేమ పీల్చే సంచులు వేలాడదీయించు. వాన పడుతుంటే లోడింగ్ ఆపించు, యజమాని ఎంత తొందరపెట్టినా సరే.

ఇక బరువు. 2016 జులై 1 నుంచి ధ్రువీకరించిన మొత్తం బరువు కాగితం లేకుండా కంటైనర్‌ని ఓడకెక్కించరు. కొత్తవాళ్లు 15.876 టన్నులకి తలుపు మీద రాసిన ఖాళీ బరువు కలిపి ఇచ్చేస్తారు. అది పప్పు బరువు మాత్రమే. రేకు డబ్బాలు, అట్టపెట్టెలు, లోపల కట్టిన చెక్కలు అన్నీ కలపాలి. లెక్క తేడా వస్తే గేటు దగ్గర పెట్టె ఆగుతుంది, ఓడ వెళ్లిపోతుంది.

పర్లాకిమిడి ఒడిశా, పక్కనున్న పాతపట్నం ఆంధ్ర కాబట్టి సరుకు విలువ 50 వేలు మించితే ఈ-వే బిల్లు, అంటే సరుకు తోలడానికి ఆన్‌లైన్లో తీసే జీఎస్టీ కాగితం, తప్పదు. ప్రతి 200 కిలోమీటర్లకి ఒక రోజు గడువు, నీ దారికి ఒక రోజే వస్తుంది. టెక్కలి దగ్గర బండి చెడిపోయి వేరే బండికి మార్చావనుకో, ఆ బిల్లులో బండి వివరాలుండే పార్ట్-బిలో కొత్త నంబరు ఎక్కించాకే కదలనివ్వు. గడువు ముగిసేలా ఉంటే ముగియడానికి 8 గంటల ముందు నుంచి, ముగిశాక 8 గంటల లోపు పొడిగించుకోవచ్చు. లారీ ఓవర్‌లోడు ఎప్పుడూ ఒప్పుకోకు. 20 వేలు జరిమానా, ఆపై ప్రతి అదనపు టన్నుకి 2 వేలు, ఎక్కువైన సరుకు అక్కడే దించించే ఖర్చు వేరే.

డబ్బు సంగతి నిదానంగా చూడు. నెలకి 20 అద్దె బళ్లు, బండికి 25 వేలు బాడుగ, నీకు మిగిలేది 1,500 అనుకుందాం. బండివాడికి లోడింగ్ రోజే 80 శాతం దాకా ఇవ్వాలి, మిగతాది సరుకు ముట్టినట్టు రసీదు మీద స్టాంపు పడి రాగానే. పార్టీ, అంటే సరుకు పంపేవాళ్లు, నీకు ఇచ్చేది 60 రోజులకి. అంటే ఎప్పుడు చూసినా దగ్గర దగ్గర 10 లక్షలు రోడ్డు మీదుంటే నెలకి 30 వేలు కనిపిస్తాయి. ఒక్క బిల్లు మునిగితే పదిహేడు బళ్ల లాభం పోయినట్టే. కాబట్టి ఉద్యం రిజిస్ట్రేషన్, అదే చిన్న సంస్థలకి ప్రభుత్వం చేసే నమోదు, మొదటి వారంలోనే చేయించు. చిన్న సంస్థకి బిల్లు ఎంత ఆలస్యమైనా 45 రోజుల్లో కట్టాలని చట్టం, దాటితే వడ్డీ. పెద్ద పార్టీలతో ఆ మాట మెత్తగానే అను, కానీ ఒప్పందంలో రాయించు.

క్యారేజ్ బై రోడ్ చట్టం, 2007 కింద కామన్ క్యారియర్‌గా, అంటే బాడుగకి అందరి సరుకూ తోలేవాడిగా, నమోదు కూడా చేయించు. సరుకు విలువ ప్రకటించకపోతే నష్టంలో నీ బాధ్యత మామూలుగా బాడుగకి పది రెట్ల వరకే. అంటే 25 వేల బాడుగకి రెండున్నర లక్షలు. లారీలో ఉన్న పప్పు విలువ దానికి ఎన్నో రెట్లు. ట్రాన్సిట్ బీమా పార్టీ చేయించిందో లేదో పాలసీ కాపీ చూశాకే బిల్టీ (లారీ రసీదు) రాయి.

కస్టమ్స్ పని జోలికి ఇప్పుడే వెళ్లకు. దానికి లైసెన్సు, పరీక్ష వేరే ఉన్నాయి. మొదటి రెండు సీజన్లూ విశాఖలో మంచి కస్టమ్స్ బ్రోకర్‌ని పట్టుకుని పని చేయించుకో. నీ చేతిలో పార్టీలు, అద్దె బళ్లు, తిరుగు లోడు ఉంటే చాలు. వారం వారం తిరుగు లోడు ఖాయమయ్యాక అప్పుడు లారీ మాట ఎత్తు, నేనే షోరూంకి వస్తాను.

జీడి కోతలు మొదలయ్యేలోపు ఒకసారి రాయగడ రా. నువ్వు మాట్లాడుకున్న ఫ్యాక్టరీల పేర్లు, పలాసకి గింజలు తెచ్చే షిప్పింగ్ లైన్ల జాబితా పట్టుకురా. ఏ లైను ఎన్ని రోజులు ఉచితం ఇస్తుందో ఇద్దరం కూర్చుని రేటు కట్టేద్దాం. అత్తకి, చెల్లికి అడిగానని చెప్పు.

నీ
బావ