ఫిలడెల్ఫియా: ముందు టికెట్ వేళ, తర్వాతే ప్రయాణం

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో ఫిలడెల్ఫియా మీద వేసిన యాత్రా వ్యాసంలో రెండు తప్పులు దొర్లాయి. అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి అసలే రాలేదు. న్యూజెర్సీలో పిల్లల దగ్గరికి వచ్చే తెలుగు తల్లిదండ్రులకు శని, ఆదివారాల్లో చూపించే ఊళ్లలో అదొకటి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడవైంది.

రాని సంగతి టికెట్. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనకు, రాజ్యాంగానికి పుట్టిల్లయిన ఇండిపెండెన్స్ హాల్‌లోకి ప్రవేశం ఉచితమే. కానీ మార్చి నుంచి డిసెంబరు దాకా వేళ వేసిన టికెట్ లేనిదే లోపలికి పంపరు. రిక్రియేషన్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ముందుగా తీసుకోవాలి. రిజర్వేషన్ రుసుము టికెట్‌కు ఒక డాలరు. చంకలో పసిపాప ఉన్నా ఆ పాపకూ టికెట్ కావాలి, చాలా కుటుంబాలు తలుపు దగ్గర ఇరుక్కునేది ఇక్కడే. జులై నెల శని, ఆదివారాలకు పొద్దుటి వేళలు త్వరగా అయిపోతాయి. అందువల్ల ముందు టికెట్ తీసుకుని, ఆ వేళను బట్టి రోజంతా సర్దుకోవాలి. మనవాళ్లు తిరగేసి చేస్తారు. మూడు కుటుంబాలు, రెండు కార్లు, పులిహోర డబ్బాలు అన్నీ సిద్ధమయ్యాక శుక్రవారం రాత్రి టికెట్ కోసం వెతుకుతారు.

టికెట్ మీద 11 గంటలని ఉంటే 10.30కల్లా ఐదో వీధి, చెస్ట్‌నట్ వీధి కలిసే చోట తనిఖీ వరుసలో నిలబడాలి. విమానాశ్రయంలో లాగే సంచులు చూస్తారు. పెద్ద సూట్‌కేసులు, పెద్ద బ్యాగులు రానివ్వరు. పండ్లు కోయడానికి టిఫిన్ సంచిలో వేసుకున్న చిన్న చాకు కూడా పనికిరాదు. అది దొరికితే ఒకరు వరుస వదిలి కారు దాకా పరుగెత్తాలి, ఈలోగా మిగతావాళ్ల వేళ దాటిపోతుంది. ఇంకో మాట, హాల్‌లో మరుగుదొడ్లు లేవు. పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే ముందుగా విజిటర్ సెంటర్‌కు వెళ్లి ఆ పని చూసుకుని రావడం మేలు.

దారి తెలుసుకోవడం మాత్రం బహు తేలిక. 1682లో ఊరి స్థాపకుడు విలియం పెన్ కోసం థామస్ హోమ్ గీసిన పటం గళ్ల నోటుపుస్తకంలా ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధులకు డెలావేర్ నది నుంచి లెక్కపెట్టి అంకెలు వేశారు. తూర్పు పడమరలుగా సాగే చాలా వీధులకు చెట్ల పేర్లు పెట్టారు: చెస్ట్‌నట్, వాల్‌నట్, స్ప్రూస్, పైన్. ఒకటో వీధి అని ఎక్కడా బోర్డు కనబడదు, దాని పేరు ఫ్రంట్ స్ట్రీట్. పద్నాలుగు కూడా లేదు, అది బ్రాడ్ స్ట్రీట్. మార్కెట్ స్ట్రీట్‌కు ఇవతల దక్షిణం, అవతల ఉత్తరం. ఇంటి నంబరును బట్టి చోటు చెప్పేయవచ్చు. 520 చెస్ట్‌నట్ అంటే ఐదు, ఆరు వీధుల మధ్య, సరి సంఖ్య గనుక వీధికి దక్షిణం వైపు. అదే ఇండిపెండెన్స్ హాల్. ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఈ ఒక్క సూత్రంతో తప్పిపోయినవాళ్లు తిరిగి కలుసుకోగలరు.

చూడాల్సినవన్నీ ఐదు, ఆరు వీధుల మధ్య పచ్చిక వెంట వరసగా ఉన్నాయి. చెస్ట్‌నట్ దక్షిణాన హాల్, దానికి ఎదురుగా లిబర్టీ బెల్ అనే పగిలిన గంట, మార్కెట్ స్ట్రీట్ దాటితే విజిటర్ సెంటర్, ఆర్చ్ స్ట్రీట్ దాటితే రాజ్యాంగ కేంద్రం అనే మ్యూజియం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కారు తీసే పనే లేదు. విజిటర్ సెంటర్ కిందే గ్యారేజీ ఉంది. అక్కడ కారు పెట్టేసి సాయంత్రం దాకా మరిచిపోవచ్చు, సీట్ల మీద మాత్రం సంచులు వదలకూడదు. ఎడిసన్, మెట్రోపార్క్ వైపు వాళ్లు ట్రెంటన్ దాకా ఎన్‌జే ట్రాన్సిట్‌లో వచ్చి, అక్కడ ఫిలడెల్ఫియా రవాణా సంస్థ సెప్టా వారి రైలెక్కి జెఫర్సన్ స్టేషన్‌లో దిగవచ్చు. శని, ఆదివారాల్లో రైళ్లు పలచగా ఉంటాయి, ట్రెంటన్‌లో ఒకటి తప్పితే చాలాసేపు కూర్చోవాలి. దక్షిణ జెర్సీ వాళ్లకు పాట్కో రైలు ఉంది, అది ఎనిమిదో వీధిలోనే దింపుతుంది.

ఇక తప్పులు. స్వాతంత్ర్య ప్రకటన అసలు ప్రతి ఇండిపెండెన్స్ హాల్‌లో ఉందని వ్యాసంలో రాశారు. సంతకాలు చేసిన తోలు పత్రం వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది. హాల్ పక్కనున్న పశ్చిమ భాగంలో చూపించేది ఆ కాలంలో అచ్చయిన ప్రతి. దాని దగ్గరే ఫిలిప్ సింగ్ అనే ఊరి వెండి పనివాడు 1752లో చేసిన వెండి సిరాబుడ్డి ఉంటుంది. సంతకాలకు వాడింది అదేనంటారు. హాల్ చూసిన జనం ఇది చూడకుండానే బయటపడతారు, ఎంత అన్యాయమో! సభాగదిలో బల్లలు, కుర్చీలు చాలావరకు ఆ కాలానివే తప్ప ఆ సభలో ఉన్నవి కావు. రాజ్యాంగ సభలో జార్జ్ వాషింగ్టన్ కూర్చున్న కుర్చీ మాత్రం అసలుదే. దాని వీపు పైన సగం సూర్యుడు చెక్కి ఉంటాడు. అది ఉదయించే సూర్యుడా, అస్తమించే సూర్యుడా అని తేల్చుకోలేకపోయిన ఆ సభ సభ్యుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్, 1787లో రాజ్యాంగం మీద సంతకాలయ్యే వేళకు ఉదయించేదేనని చెప్పాడు. లోపల తిరగడానికి అరగంట చాలు. కింది అంతస్తుకు చక్రాల కుర్చీ వెళుతుంది, పై అంతస్తుకు మెట్లే దారి.

రెండో తప్పు లిబర్టీ బెల్ గంటది. 1776 జులై 4న మోగించినప్పుడు పగిలిందని రాశారు. ఆ రోజు అది మోగిందనడానికే ఆధారం లేదు. ప్రకటనను జనం ముందు మొదటిసారి చదివింది కూడా జులై 8న, హాల్ వెనక పెరట్లో. గంట కథ 1752లో లండన్ నుంచి రావడంతో మొదలవుతుంది. మొదటి దెబ్బకే బీటవేసింది. కంచులో తగరం పాలు ఎక్కువైతే పెళుసెక్కుతుందని మన కంచర్లకు తెలిసిందే. పాస్, స్టో అనే ఇద్దరు స్థానికులు దాన్ని కరిగించి రాగి కలిపి మళ్లీ పోశారు. మోత బాగోలేదని జనం నవ్వితే మరోసారి పోశారు. ఇప్పుడున్నది 1753 నాటి ఆ గంటే, బరువు 2,080 పౌండ్లు, అంటే సుమారు 943 కిలోలు. ఫొటోల్లో కనిపించే వెడల్పాటి చీలిక నిజానికి మరమ్మతు. సన్నబీట అంచులు రాసుకుని జీరబోకుండా 1846లో దాన్ని ఆకురాయితో వెడల్పు చేశారు. వాషింగ్టన్ పుట్టినరోజుకు మోగించగా రెండో బీట పాకింది, గంట నోరు అంతటితో మూతపడింది. పెద్ద చీలిక పైకొసన ఆగి చూస్తే వెంట్రుకలాంటి ఆ గీత ‘లిబర్టీ’ అనే అక్షరాల మీదుగా పోతూ కనిపిస్తుంది. దీనికి టికెట్ లేదు, తనిఖీ వరుస మాత్రం వేరే ఉంటుంది. వరుస మరీ పొడవుంటే బయట చెస్ట్‌నట్ వైపు అద్దం లోంచి కూడా గంట కనిపిస్తుంది.

గంట పక్కనే, ఆరో వీధి మూలన, వాషింగ్టన్ అధ్యక్షుడిగా ఉన్న ఇంటి పునాదులు ఉన్నాయి. అక్కడ ఆయన తొమ్మిదిమంది బానిసలను ఉంచుకున్నాడు. స్వేచ్ఛ గంటకు అడుగుల దూరంలో ఆ సంగతి పిల్లలకు చెప్పకుండా దాటేయడం బాగుండదు.

తిండి దగ్గర ఒక హెచ్చరిక. ఊరి పేరు మోసిన చీజ్‌స్టేక్ అనే శాండ్‌విచ్‌ను గొడ్డుమాంసంతో చేస్తారు. కోడిమాంసంతో అడిగినా తరచూ అదే పెనం మీద వేయిస్తారు. పట్టింపు ఉన్నవాళ్లు పన్నెండో వీధిలోని రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌కు నడవాలి, హాల్ నుంచి ఇరవై నిమిషాలు. 1893 నాటి ఆ అంగట్లో రకరకాల దుకాణాలున్నాయి. పాతకాలపు పద్ధతుల్లో బతికే క్రైస్తవ శాఖ అమిష్ వాళ్ల కొట్లు ఆదివారం మూసి ఉంటాయి, అందుకని శనివారం మేలు. లేకుంటే ఇంటి పెరుగన్నం విప్పడానికి పచ్చికే చాలు, ఎవరూ ఏమీ అనరు.

ఓపిక మిగిలితే ఐదో వీధి, ఆర్చ్ మూలన కంచె లోంచే ఫ్రాంక్లిన్ సమాధి కనిపిస్తుంది. పలక మీద పెన్నీలు విసరడం ఆచారమైపోయింది గానీ, ఆ నాణేల దెబ్బలకే రాయి పాడైంది. పిల్లలను ఆపండి. ఎల్ఫ్రెత్స్ ఆలీ అనే సందులో 32 పాత ఇళ్లున్నాయి. వాటిలో నేటికీ జనం కాపురం ఉంటున్నారు కాబట్టి గడపల మీద కూర్చుని ఫొటోలు దిగకూడదు. అక్కడి ఎగుడుదిగుడు రాళ్ల మీద హవాయి చెప్పులు నిలవవు.

పై రెండు తప్పులకు వచ్చే ఆదివారం సవరణ వేసి, దాని కిందనే టికెట్ వెబ్‌సైట్ పేరు కూడా ప్రచురించగలరు.

– ఒక పాఠకుడు, న్యూజెర్సీ